పేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రోగిని పట్టించుకునేదెవరు?

సంపాదకులకు,

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు జబ్బును ముందుగా గుర్తించడం దగ్గరే ఆగిపోతున్నాయి. ప్రపంచవ్యాప్తంగా 2022లో సుమారు 19 లక్షల మంది కొత్తగా ఈ జబ్బు బారిన పడ్డారు కనుక ఆ హెచ్చరికలు అవసరమే. అయితే గడ్డ తీయించుకుని ఇల్లు చేరినవారి రోజులు ఎలా గడుస్తున్నాయో అడిగేవారు తక్కువ. మలద్వారానికి దగ్గర్లో ఉన్న గడ్డను తీసేసి, పొట్ట ఎడమవైపు శాశ్వతంగా స్టోమా (మలం బయట అతికించిన సంచిలోకి వచ్చేలా పేగును పొట్ట మీదికి తెచ్చి చేసే ద్వారం) పెట్టిన నాటి నుంచి మా నాన్నగారిని చూసుకుంటున్న కుమార్తెగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్టోమా ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే రోగిని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి, పొట్ట ముడతలూ బట్ట కట్టుకునే చోటూ తప్పించి పెన్నుతో గుర్తు పెట్టాలి. నాన్నగారికి ఎవరూ ఆ పని చేయలేదు. అది సరిగ్గా పంచె ముడి కిందికి వచ్చింది. ఆయన కూర్చుంటే సంచి అంచు లేచి, కారిన మలం తగిలి చుట్టూ చర్మం ఒరిసిపోతోంది. సంచిని చర్మానికి అతికించే ప్లేటుకు రంధ్రం స్టోమా కొలతకే కత్తిరించాలనీ, వాపు తగ్గే తొలి వారాల్లో ఆ కొలత మళ్లీ మళ్లీ చూసుకోవాలనీ, సంచిని సగం నిండకముందే ఖాళీ చేయాలనీ మాకు చెప్పినవారు లేరు. డిశ్చార్జ్ కాగితంలో ఉన్నవి మందుల పేర్లే. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పథకంలో పోయింది గానీ, నెలనెలా సంచులు, ప్లేట్లు, పేస్టు మేమే కొనుక్కోవాలి. ఖర్చుకు జంకి ఆయన ఒకే ప్లేటును ఊడేదాకా లాగిస్తారు, చర్మం మరింత పాడవుతుంది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు. తప్పనిసరి ప్రయాణమైతే పొద్దుటి నుంచి ఏమీ తినకుండా బయల్దేరతారు.

కొందరికి తాత్కాలికంగా పెట్టే స్టోమాను కొన్ని నెలలకు మూసేస్తే బాధ తీరిపోతుందనుకోవడానికీ లేదు. మలాశయం చాలా భాగం పోయినవారిలో ఎందరో రోజుకు పలుమార్లు, అదీ ఆపుకోలేనంత ఆత్రంగా, దొడ్డికి పరుగెత్తవలసి వస్తుంది. ఏడాది రెండేళ్లలో కొంత సర్దుకున్నా కొందరికి అది ఉండిపోతుంది. తిండిలో మార్పులు, మందులు, కటి కండరాల వ్యాయామాలు దీనికి ఉపశమనమిస్తాయి. ఆపరేషన్‌లో మలాశయం చుట్టుపక్కల నరాలు దెబ్బతింటే మూత్రవిసర్జనకూ దాంపత్యానికీ ఇబ్బందే. మన దగ్గర ఈ సంగతి డాక్టరు అడగరు, రోగి నోరు విప్పడు.

అడగడానికి మార్గం లేక కాదు. ఐరోపా క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ ఈ రోగుల కోసమే 29 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. తిరిగి చూపించుకునే రోజున స్కాన్, రక్తపరీక్షల సరసన అటువంటి ప్రశ్నలు కూడా ఉండాలి. ఈ ఆపరేషన్లు చేసే ప్రతి ఆస్పత్రిలోనూ స్టోమా సంరక్షణలో శిక్షణ పొందిన నర్సు ఒకరైనా ఉండేలా, ఆపరేషన్‌కు డబ్బిచ్చే పథకమే సంచులూ ఇచ్చేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చూడాలి. ఆర్టీసీ అధికారులకూ ఒక విన్నపం: బస్టాండు మరుగుదొడ్లలో కనీసం ఒకదానిలోనైనా నీళ్లు వచ్చే కుళాయి, సామాను తగిలించుకునే కొక్కెం, మూతతో చెత్తబుట్ట పెట్టించండి.

— ఒక పాఠకురాలు, తెనాలి