ముందు కాపీ, తర్వాతే రిపేరు

నెల్లూరు,
ఆదివారం

ఒరే మామా,

నీ హార్డ్ డిస్కు తెరుచుకోకుండా, ఫార్మాట్ చెయ్యమని విండోస్ అడుగుతా ఉందన్న నీ మెసేజ్ చూశా. స్వర్ణాల చెరువు కాడ రొట్టెల పండగకి తీసిన వీడియోలు, పాప అన్నప్రాశన ఫోటోలు, అన్నీ ఆ ఒక్క టీబీ డిస్కులోనే ఉండాయంటే నాకూ మనసు మనసులో లేదు. దిగులుపడి ఏదోటి నొక్కబాక. ఫార్మాట్ చెయ్యమని విండోస్ అడిగినప్పుడల్లా క్యాన్సిల్ కొట్టు. క్విక్ అన్న టిక్కు తీసి ఫార్మాట్ కొడితే డిస్కంతా సున్నాలు రాసేస్తాది, ఇంక ఎవరూ ఏం చెయ్యలేరు.

కావలిలో ఎవరో విండోస్‌లో ఉండే చెక్ డిస్క్ కొట్టమన్నారన్నావే, అది కూడా వద్దు. దాని పని ఫైళ్ల పట్టికను సరిచెయ్యడం, నీ ఫోటోల్ని కాపాడటం కాదు. పొంతన కుదరని ఎంట్రీలు పీకేసి, మిగిలిన ముక్కల్ని పేర్లు లేకుండా ఒక ఫోల్డర్లో పడేస్తాది. పోతా ఉన్న డిస్కు మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయకూడదు మామా, అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

డిస్కు దగ్గర చెవి పెట్టి విను. టక్ టక్ మని ఒకే వరసలో కొట్టుకుంటా ఉంటే లోపల డేటా చదివే హెడ్డు దెబ్బతినుంటాది. గమ్మున కేబుల్ పీకేసి పక్కన పెట్టు. తిరిగే కొద్దీ డేటా ఉండే ప్లేట్లు గీసుకుపోతాయి. మూత ఇప్పబాక; హెడ్డుకీ ప్లేటుకీ మధ్య ఉండే సందుకి దుమ్ము రేణువే బండరాయి. ఫ్రిజ్జులో పెట్టమనే వాళ్లుంటారు, వినబాక, బయటికి తీయంగానే లోపల తేమ పడతాది. శబ్దం ఉంటే దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉండే ల్యాబు తప్ప దారి లేదు.

శబ్దం మామూలుగానే ఉంటే కరెంటు సంగతి చూడు. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. హబ్బుకో, పొడుగు వైరుకో తగిలిస్తే డిస్కు లేవబోయి పడిపోతా ఉంటాది. సీపీయూ వెనకాల పోర్టుకి పొట్టి కేబుల్‌తో పెట్టి చూడు.

డిస్కు కనిపిస్తే, దాని ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాములో సీ5, సీ6 వరసలు చూడు. అక్కడ చివరి గడిలో (రా వాల్యూస్) సున్నా కాకుండా అంకె ఉంటే చదవలేని సెక్టార్లు, అంటే డేటా పెట్టే చిన్న గడులు, ఉన్నట్టు. ఫైళ్లు ఒక్కొక్కటే లాగబాక. పాడైన చోట విండోస్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తా డిస్కును చంపేస్తాది.

సిస్టమ్ రెస్క్యూ అనే లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి దాంతో బూట్ చెయ్యి. అందులో పాడైన డిస్కుకి కాపీ తీసే డీడీ రెస్క్యూ ఉంటాది. కాపీ పెట్టుకోడానికి 2 టీబీ డిస్కు ఒకటి కావాల. అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్లో ఉండకూడదు, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు. మొదటిసారి కమాండ్లో మైనస్ ఎన్ (-n) పెట్టి నడుపు. బాగున్న భాగమంతా ముందు లాగేసి, మొండి చోట్లను గీకకుండా వదిలేస్తాది. రెండోసారి మైనస్ ఆర్ 3 (-r3), వదిలేసిన వాటి మీద మూడేసి ప్రయత్నాలు. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు రెండుసార్లూ ఒకటే ఇవ్వు. మధ్యలో కరెంటు పోయినా ఆగిన కాడ్నించే మొదలవుతాది. సెకనుకి 100 ఎంబీ వస్తే 1 టీబీకి దాదాపు మూడు గంటలు; సెక్టార్లు పాడైతే రోజులు కూడా పట్టొచ్చు. మన ఎండలకి డిస్కు కాలిపోతాది, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టు.

కాపీ వచ్చాక అసలు డిస్కు జోలికి పోబాక. ఆ కాపీ (ఇమేజ్) మీద, పోయిన ఫోల్డర్లు వెతికే టెస్ట్ డిస్క్ నడుపు. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్కులు వాడే ఫార్మాట్) అయితే, డిస్కు భాగం (పార్టిషన్) వివరాలుండే బూట్ సెక్టార్‌కి ఒక నకలు పార్టిషన్ చివర ఉంటాది, దాన్నించి ఫోల్డర్లు పేర్లతో సహా తిరిగి రావచ్చు. రాకపోతే ఫోటో రెక్. అది ఫైలు తల గుర్తుపట్టి లాగుతాది గాని పేర్లు రావు. ఫోటోలు మటుకు బాగా వస్తాయి. పెద్ద వీడియోలు డిస్కులో ముక్కలుగా పడుంటే సగంలో తెగిపోతాయి, అందుకే టెస్ట్ డిస్క్‌తో ఓపిగ్గా చూడకుండా దీనికి దిగబాక.

ఒక్క భయం ఉంది. డీడీ రెస్క్యూలో ముందు రాసేది పాత డిస్కు, తర్వాతది కాపీ. తారుమారైతే ఖాళీ డిస్కు పోయి నీ వీడియోల మీద పడతాది. డిస్కుల పేర్లు, సైజులు లిస్టు తెరిచి, కమాండ్ టైపు చేసి, ఎంటర్ కొట్టకుండా స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా పర్లేదు, చూసి చెప్తా.

నీ
మామ