‘ఆనన్ వాటర్’ పాటను విడమరచి చెప్పిన పెద్దాయనకు

న్యూకాసిల్‌లోని పాత రికార్డుల దుకాణంలో, ఇంగ్లండ్ జానపద గాయకుడు నిక్ జోన్స్ 1970 నాటి ఆల్బమ్‌లో పాడిన ‘ఆనన్ వాటర్’ను వినిపించి, నాకు అంతుపట్టని మాటలను ఓపికగా విడమరచి చెప్పిన మీకు, పేరైనా అడగకుండా వచ్చేసిన నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ పాటలో, ప్రియురాలిని చేరుకోవాలన్న ఆరాటంతో, ఉప్పొంగుతున్న స్కాట్లాండ్ నదిలోకి దిగిన యువకుడు మునిగిపోతాడు. ఆ చావును జోన్స్ గొంతు ఎక్కడా ఏడ్చి చెప్పదు, గిటారు మాత్రం ప్రవాహంలా ఆగకుండా సాగిపోతుంది. దుఃఖాన్ని అంత నిబ్బరంగా పాడటమే, నా మట్టుకు, కన్నీళ్లకు అసలు కారణం. 1982లో జరిగిన కారు ప్రమాదం ఆయనను దశాబ్దాల పాటు వేదికకు దూరం చేసిందని మీరు చెప్పాక, ఆ పాటను మళ్లీ వేయమని అడిగాను. దుకాణం మూసే వేళ దాటినా కాదనకుండా వినిపించిన మీ మంచితనానికి ఋణపడి ఉన్నాను.