ఏదెను చెట్టుకు వలయాలుంటాయా?

సంపాదకులకు,

సృష్టికి రుజువులు దొరుకుతాయా అన్న మీ చర్చ చదువుతున్నాను. నేను ఆదివారం చర్చి తప్పనివాణ్ణి, ముప్ఫై ఏళ్లు జియాలజీ చెప్పినవాణ్ణి కూడా. 1857లో ఇంగ్లండులో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, దేవుడు ఏదెనులో (బైబిల్లోని తొలి తోటలో) చెట్లను వయసు వలయాలతో సహా, రాళ్లను పాతవిగా కనిపించేలా చేశాడని వాదించాడు. ఇక రంపంతో కోసి చూసినా ఏం తేలుతుంది? అలాగైతే దేవుడే రాళ్లలో అబద్ధం రాసినట్టని ఆయన స్నేహితుడు, చర్చి ఫాదరైన చార్లెస్ కింగ్స్లీయే కొట్టిపారేశాడు. నాదీ అదే మాట.

తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైట్ మీద క్వార్ట్జైట్ (గట్టిపడ్డ ఇసుకరాయి) కూర్చున్న గీతను స్టూడెంట్లకు వేలితో చూపించేవాణ్ణి. ఆ గీతలో పదుల కోట్ల ఏళ్లు గల్లంతు, ఆ కాలపు రాళ్లే అక్కడ లేవు. "మరి బైబిల్ ఆదికాండంలో సృష్టికి ఆరు రోజులే కదా సార్?" అని ఓ కుర్రాడు అడిగాడు. రాయి వయసు వరకే చెప్పి బస్సెక్కమన్నాను.

- ఒక రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి