రిఫరీ ఈల ఊదలేదు: బాలికల ఫుట్‌బాల్ నిర్వాహకులకు ఒక తల్లి ఫిర్యాదు

విశాఖపట్నం

టోర్నమెంట్ నిర్వహించిన కంపెనీ మేనేజర్ గారికి,

విషయం: అండర్-14 బాలికల ఫుట్‌బాల్ పోటీలో రఫ్ ఆటను ఆపకపోవడం, ఆ వీడియోను ప్రచారానికి వాడుకోవడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

గత ఆదివారం మీ కంపెనీ నడిపిన సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే) టోర్నమెంట్‌లో ఎంవీపీ కాలనీ పిల్లల జట్టు తరఫున 7వ నంబరుతో ఆడిన అమ్మాయి తల్లిని నేను. ఆ సాయంత్రమే మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినాయన "ఫుట్‌బాల్ అన్నాక దెబ్బలు తగులుతాయమ్మా, అంత భయమైతే పాపని చెస్‌లో వేయండి" అని పెట్టేశారు. అందుకే కాగితం మీద రాసి పంపుతున్నాను.

దెబ్బలకు భయపడి రాయడం లేదు. మా పాప ఎనిమిదో ఏట నుంచి పొద్దున్నే ఆర్కే బీచ్ ఇసుకలో మగపిల్లలతో కలిసి ఆడుతోంది. మోకాళ్లు గీరుకుపోని నెల లేదు. 2022 అక్టోబరులో భువనేశ్వర్‌లో అండర్-17 అమ్మాయిల ప్రపంచ కప్ జరిగితే రైలెక్కించి తీసుకెళ్లాం. మన జట్టు అమెరికా చేతిలో 8-0 తేడాతో ఓడిపోయింది. తిరుగు రైల్లో పాప అడిగింది ఒకటే: "వాళ్లలా భుజం ఆనించి బంతి తీసుకోవడం నాకెవరు నేర్పుతారు?" భుజానికి భుజం ఆనించి బంతి కోసం పోటీ పడటం ఆటలో భాగమే. అమ్మాయిలు కాబట్టి మెత్తగా ఆడించమని నేను అడగడం లేదు. అబ్బాయిల మ్యాచ్‌లో ఫౌల్ అయినది అమ్మాయిల మ్యాచ్‌లోనూ ఫౌల్ కావాలని అడుగుతున్నాను.

మా మ్యాచ్ గాజువాక వైపు నుంచి వచ్చిన జట్టుతో. ఇరవై నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు. ఉదయం పదకొండుకు మొదలైంది. ఎండ, ఉక్కపోత, కింద కాలిపోతున్న టర్ఫ్. మీరు పెట్టిన రిఫరీకి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదని చూస్తేనే తెలుస్తోంది. ఆట మొదలయ్యే ముందు పిల్లలకు షిన్ గార్డులు (మోకాలి కింద ఎముకకు దెబ్బ తగలకుండా కట్టుకునేవి) ఉన్నాయో లేదో చూడలేదు. రెండు జట్లలోనూ అవి లేని పిల్లలున్నారు. ఇద్దరు చెవిపోగులతోనే ఆడారు. షిన్ గార్డులు తప్పనిసరి, నగలేవీ ఉండకూడదు అన్నవి ఫుట్‌బాల్‌లో మొట్టమొదట చూసుకునే విషయాలు.

మొదటి పది నిమిషాల్లో చొక్కాలు పట్టుకు లాగారు. వెనక నుంచి కాళ్లకు తన్నారు. మా పిల్లలూ చేశారు, వాళ్లూ చేశారు. ఈల మాత్రం బంతి బయటికి పోయినప్పుడే వినిపించింది. మా కోచ్ అడిగితే ఆ అబ్బాయి నవ్వి, "అమ్మాయిల మ్యాచే కదా సార్, ఆడనివ్వండి" అన్నాడు.

పిల్లలు గట్టు మీద కూర్చున్న మనకంటే తొందరగా గ్రహిస్తారు. ఎంతవరకు చేస్తే ఏమీ అనరో రెండు నిమిషాల్లో కనిపెట్టేస్తారు. మొదటి ఫౌల్‌కే ఈల ఊది, ఫ్రీ కిక్ ఇచ్చి, ఆ పాపని పిలిచి ఒక మాట చెప్పి ఉంటే తర్వాత జరిగినవేవీ జరిగేవి కావు.

మొదటి హాఫ్ చివర్లో మా పాప వింగ్‌లో, అంటే మైదానం అంచు వెంబడి, బంతి తీసుకుని పరుగెడుతోంది. వాళ్ల డిఫెండర్ వెనకబడి, అందిన జడ పట్టుకుని లాగేసింది. పాప వెల్లకిలా పడింది. తల వెనక భాగం నేలకు కొట్టుకున్న చప్పుడు మా వరకూ వినిపించింది. ఆట ఇంకా సాగుతూనే ఉంది, బంతి అవతలి గోల్ దాకా వెళ్లింది. మా కోచే లోపలికి పరుగెత్తి ఆపారు. మీ మైకులో కామెంటరీ చెప్పే ఆయన "అద్దీ ఫైటింగ్ స్పిరిట్!" అని అరిచారు.

ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఎక్కడని అడిగితే మీ మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా అందరికంటే ముందు కదిలింది ఆ జడ లాగిన అమ్మాయి తల్లి. గేటు బయట చెరకురసం బండి దగ్గరికి పరుగెత్తి, ఐసు ముక్కలు చున్నీలో కట్టుకొచ్చి నా కూతురి తలకు పెట్టారు. "మా పాప తప్పు చేసిందమ్మా, ఏటీ అనుకోకు" అన్నారు.

రెండు నిమిషాల తర్వాత రిఫరీ పాపని "ఆడతావా?" అని అడిగాడు. పదమూడేళ్ల పిల్ల ఆడనని ఎందుకంటుంది? లోపలికి పంపేశారు. నేనూ ఆపలేదు. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిందన్న అనుమానం ఉంటే ఆ రోజుకి ఇక ఆడించకూడదని, లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చని నాకు ఆ రాత్రి వాంతులయ్యాక డాక్టరు గారు చెబితే తెలిసింది. నాకు తెలియకపోవడం వేరు, డబ్బు తీసుకుని ఆట నడిపే మీకు తెలియకపోవడం వేరు. అలాంటి అనుమానం ఉన్న ప్లేయర్‌ని బయటికి పంపితే జట్టు నష్టపోకుండా అదనంగా మరో సబ్‌స్టిట్యూట్‌ని దించే వీలు 2024 నుంచి ఫుట్‌బాల్ నియమాల్లోనే ఉంది. దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది పోటీ నడిపేవాళ్ల చేతిలోనే ఉంటుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది రెండో హాఫ్‌లో జరిగింది. బంతి ఎక్కడో ఉంది. నా కూతురు ఆ డిఫెండర్ దగ్గరికి వెళ్లి, షిన్ గార్డు లేని ఆ పిల్ల పిక్క మీద తన్నింది. కావాలనే తన్నింది, నేను చూశాను. అప్పుడూ ఈల లేదు. నాకు ఐసు తెచ్చి ఇచ్చిన తల్లి బిడ్డ నేల మీద కూర్చుని ఏడుస్తుంటే, చున్నీలో మిగిలిన ఐసు తీసుకుని ఈసారి నేను వెళ్లాను. ఇంటికొచ్చాక పాపని అడిగితే, "రిఫరీ ఎలాగూ ఏమీ అనడు కదమ్మా" అంది. ఆ తప్పు నా కూతురిదే. ఆ అమ్మాయికి ఫోన్ చేయించి సారీ చెప్పించాను. కానీ ఆ మాట దానికి నేర్పింది మీ మైదానం.

నియమాలు ఇంత తికమకగా ఏమీ లేవు. పన్నెండో నియమం ఫౌల్‌ని మూడు మెట్లుగా చెబుతుంది. చూసుకోకుండా తగిలితే ఫౌల్ ఇచ్చి వదిలేయాలి. ఎదుటివాళ్లకు ప్రమాదమని పట్టించుకోకుండా మీదికి వెళితే పసుపు కార్డు. మితిమీరిన బలంతో వెళితే ఎర్ర కార్డు. ఆ రోజు మీ రిఫరీ జేబులో కార్డులే లేవని మ్యాచ్ తర్వాత అతనే మా కోచ్‌తో అన్నాడు.

బహుమతుల దగ్గర మీరు "బెస్ట్ ఫైటర్" అని కప్పు పెట్టారు. దాన్ని జడ లాగిన ఆ పాపకే ఇచ్చారు. ఆ పిల్ల తల వంచుకుని తీసుకుంది. 2023 జనవరిలో పోర్చుగల్‌లో బెన్ఫికా, స్పోర్టింగ్ మహిళల జట్ల మ్యాచ్‌లో రిఫరీ తెల్ల కార్డు చూపించారు. ప్రేక్షకుల్లో ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే పరుగెత్తి వెళ్లిన రెండు జట్ల వైద్య సిబ్బందికి అది మెచ్చుకోలు. మీ దగ్గర అలాంటి కార్డే ఉంటే ఆ రోజు ఐసు తెచ్చిన ఆ తల్లికి చూపించాల్సింది.

ఇక వీడియో సంగతి. సోమవారం ఉదయానికి ఆ జడ లాగిన ముక్కని మీ పేజీలో పాట పెట్టి, నవ్వే బొమ్మలతో వేశారు. ఇద్దరు పిల్లల ముఖాలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మమ్మల్ని ఎవరూ అడగలేదు. 2009లో అమెరికాలో కాలేజీ అమ్మాయిల మ్యాచ్‌లో న్యూ మెక్సికో జట్టు డిఫెండర్ ఎదుటి అమ్మాయి జడ పట్టి నేలకు లాగింది. రిఫరీ ఆమెను బయటికి పంపలేదు. ఆ వీడియో లోకమంతా తిరిగాక యూనివర్సిటీ సస్పెండ్ చేసింది, ఆమె క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆమె పెద్దపిల్ల. మన పిల్లలకు పదమూడేళ్లు. ఆ గాజువాక పాప రెండు రోజులు స్కూలుకు వెళ్లలేదని వాళ్లమ్మ చెప్పారు.

ఈ లేఖను ఆమెకు చదివి వినిపించాను. "గుంటలేటి చేస్తారమ్మా, ఆపాల్సినోళ్లు ఆపకపోతే" అన్నారు. కాబట్టి దీన్ని మా ఇద్దరి ఫిర్యాదుగా తీసుకోండి.

ఆ వీడియో ఈ రోజే తీసేయండి. ఇది మాత్రం రేపటికి వాయిదా వేయడానికి వీల్లేదు. ఇద్దరు పిల్లలకూ మీ కంపెనీ పేరు మీద రాతపూర్వకంగా క్షమాపణ పంపండి. డిసెంబరులో మళ్లీ టోర్నమెంట్ అని ఇప్పటికే బ్యానర్లు కట్టారు. దానికి శిక్షణ పొందిన రిఫరీలు ఎవరో, మైదానంలో ప్రథమ చికిత్స తెలిసిన మనిషి ఎవరుంటారో ఎంట్రీ ఫీజు కట్టకముందే జట్లకు చెప్పండి. అమ్మాయిల మ్యాచ్‌లకు ఒక మహిళా రిఫరీ దొరికితే మరీ మంచిది. ఎండ ఎక్కకముందు, ఎనిమిది లోపే మ్యాచ్‌లు మొదలుపెట్టండి. మేము జట్టుకు కట్టిన నాలుగు వేలు తిరిగి ఇవ్వక్కర్లేదు, వాటితో ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్స్, ఐసు పెట్టె కొనండి.

పది రోజుల్లో జవాబు రాకపోతే, ఈ లేఖ నకలుని డిసెంబరు పోటీకి పేరిచ్చిన అన్ని జట్ల కోచ్‌లకూ, మీ స్పాన్సర్లకూ పంపుతాం. డాక్టరు గారు ఒప్పుకుంటే మా పాప డిసెంబరులో ఆడాలనుకుంటోంది. ఆ గాజువాక అమ్మాయి కూడా.

ఇట్లు,
7వ నంబరు అమ్మాయి తల్లి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం