సస్పెండైన లైసెన్సుకు షరతులతో అనుమతి ఇవ్వండి: కేంద్ర రవాణా మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో మోటారు వాహనాల కేసులు చూసే న్యాయవాదిని. ఆ మధ్య నా దగ్గరకు వచ్చిన ఒక పాల వ్యాను డ్రైవరు అడిగిన ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను. ఆయన తెల్లవారుజామున మూడింటికి లేచి, ఊరూరా పాల క్యాన్లు ఎత్తుకుని శీతలీకరణ కేంద్రానికి చేరుస్తారు. వ్యాను సొంతదే, కిస్తీలు మాత్రం ఇంకా తీరలేదు. ఒక సాయంత్రం బామ్మర్ది బండి మీద, హెల్మెట్ లేకుండా, కిరాణా కొట్టుకు వెళ్తూ పోలీసులకు దొరికారు. తప్పు ఒప్పుకున్నారు, జరిమానా కట్టారు. లైసెన్సు మూడు నెలలు సస్పెండైంది. కార్డు ఒక్కటే కనుక బండితో పాటు వ్యానూ ఆగిపోయింది. "తప్పు బండి మీద చేసిన సార్, వ్యాను మీద కాదు గదా" అన్నారాయన.

ఆ ప్రశ్నకు మోటారు వాహనాల చట్టంలో సగం జవాబు ఉంది. 2019 సవరణ తర్వాత, పోలీసులు సెక్షన్ 206(4) కింద లైసెన్సు తీసుకుని రవాణా అధికారికి పంపితే, ఆ అధికారి సెక్షన్ 19(1ఎ) ప్రకారం డ్రైవరు చెప్పేది విని, కారణాలు వివరంగా రాసి, మొదటి తప్పుకు మూడు నెలల అనర్హత విధించవచ్చు. ఆ అనర్హత లైసెన్సులోని అన్ని తరగతుల వాహనాలకూ వర్తించవచ్చు, లేదా ఏదో ఒక తరగతికే పరిమితం కావచ్చునని అదే సెక్షన్ చెబుతోంది. అంటే ద్విచక్ర వాహనాన్ని ఆపి, వ్యానును వదిలే వీలు ఇప్పటికే ఉంది. నా చేతికొచ్చిన ఉత్తర్వుల్లో ఆ వీలును వాడుకున్నది ఒక్కటీ లేదు. పేరూ నంబరూ తప్ప అక్షరం మారదు. ఇక హెల్మెట్‌కు సంబంధించిన సెక్షన్ 194డిలోనైతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల అనర్హత అని ఉందే తప్ప తరగతి ఊసే లేదు. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు గానీ, అది తేలేలోపు సస్పెన్షనే ముగిసిపోతుంది.

ఈలోగా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పాలి. యాక్టింగ్ డ్రైవరును పెట్టుకుంటే అతని కూలీ, బత్తా పోగా కిస్తీకి మిగలదు. వారం పది రోజులు చూసి, చీకట్లో ఎవరు ఆపుతారులే అని తామే స్టీరింగు పట్టుకునేవారు ఉన్నారు. అలా పట్టుబడితే సెక్షన్ 182 కింద మూడు నెలల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: అనర్హత కాలంలో నడిపిన వాహనం ఎవరినైనా గుద్దితే, ఆ కారణం చూపి బీమా కంపెనీ బాధ్యత తప్పించుకోజూస్తుంది. అప్పుడు పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సింది ఏ పాపమూ ఎరుగని బాధితుడి కుటుంబం.

డాలస్‌లో ఉండే మా బంధువుల ద్వారా టెక్సాస్ పద్ధతి మొదటిసారి విన్నాను. అక్కడ లైసెన్సు సస్పెండైనవారు కోర్టుకు దరఖాస్తు చేసి, ఉద్యోగానికో చదువుకో తప్పనిసరి ఇంటి పనులకో వాహనం నడపక తప్పదని చూపితే, ఆక్యుపేషనల్ లైసెన్సు పొందవచ్చు. ఏ వేళల్లో, ఏ ప్రాంతాల్లో, ఏ పనికి నడపాలో న్యాయమూర్తి ఉత్తర్వులో రాస్తారు. న్యూజిలాండ్‌లో అనర్హత మొదలై 28 రోజులు గడిచాక, తనకు తీవ్రమైన కష్టం గానీ ఇతరులకు అనుచితమైన కష్టం గానీ కలుగుతుందని చూపగలిగినవారికి పరిమిత లైసెన్సు ఇస్తారు. అయితే వీటిని యథాతథంగా తెచ్చుకుంటే సరిపోదు. టెక్సాస్ అనుమతి భారీ వాణిజ్య వాహనాలకు పనికిరాదు. కారులో ఆఫీసుకు వెళ్లే ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది. మన దగ్గర ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది బండి నడపడమే ఉద్యోగమైన వాడికి.

తాగి నడిపినవారికి, ప్రాణం తీసినవారికి ఈ సడలింపు నేను అడగడం లేదు. శుక్రవారం రాత్రి బ్రీత్ ఎనలైజర్‌కు చిక్కి సోమవారం నా ఆఫీసుకు వచ్చేవారికి ఈ మాట నచ్చదని తెలుసు. మిగతా మొదటి తప్పులకు, సస్పెన్షన్‌లో ఒక నెల పూర్తయ్యాక, దరఖాస్తు మీద ఫలానా వాహనం, ఫలానా మార్గం, ఫలానా వేళలు అని రాసిన అనుమతి ఇచ్చే అధికారం రవాణా అధికారికి ఉండాలి. లైసెన్సు తిరిగి ఇవ్వడానికి చట్టం ఎలాగూ రిఫ్రెషర్ శిక్షణను తప్పనిసరి చేసింది కనుక, ఆ శిక్షణ ముందుగా పూర్తిచేసినవారికే దరఖాస్తు అర్హత కల్పించవచ్చు. షరతు మీరితే అనుమతి పోవాలి, లైసెన్సూ రద్దు కావాలి.

దీనికి సవరణ కావాలి, 194డిలో తరగతి మాట చేర్చడానికీ సవరణే కావాలి. అందుకు కాలం పడుతుందని నాకు తెలుసు. కానీ 19(1ఎ)లో ఇప్పటికే ఉన్న తరగతి వెసులుబాటును ప్రతి కేసులోనూ పరిశీలించాలని, అన్ని తరగతులనూ ఆపితే ఎందుకో ఉత్తర్వులో రాయాలని రాష్ట్రాల రవాణా కమిషనర్లకు సూచించడానికి పార్లమెంటు అక్కర్లేదు. మీ శాఖ నుంచి ఒక లేఖ వెళ్తే చాలు.

భవదీయుడు,
ఒక న్యాయవాది, హనుమకొండ