సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఇంధన ధరలు, ఇంటి ఖర్చులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

నిర్వహణ రుసుము ఎందుకు పెంచారని ఈ ఏడాది చాలామంది నిలదీశారు కాబట్టి ముందుగా ఆ సంగతే. జనరేటర్‌కు పోసే డీజిల్, నీటి ట్యాంకర్ కిరాయి మన ఖర్చులో పెద్ద పద్దులు. అవి పెరిగాయి, రుసుమూ పెరిగింది.

‘బండి లేనివాళ్లకు పెట్రోలు ధరతో ఏం పని?’ అని ఒక సమావేశంలో ప్రశ్న వచ్చింది. ఇంటి పద్దులు తెచ్చి చూడమన్నాం. బంకులో కట్టింది విడిగా కనిపిస్తుంది. లారీ కిరాయి టమాటా ధరలో కలిసిపోయి వస్తుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిల్ దాని బయటే ఉండిపోయాయి. డీజిల్ మీద కట్టిన పన్నును లారీ యజమాని తన జీఎస్టీలో సర్దుబాటు చేసుకోలేడు. ఆ భారం చివరికి మన సంచిలోకే చేరుతుంది.

పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్‌పై 2014 అక్టోబరులో తొలగింది. ఆ సంస్కరణను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నియంత్రణ ఉన్న రోజుల్లో చౌక డీజిల్‌తో పెద్ద కార్లవాళ్లూ బాగానే లాభపడ్డారు. కానీ ముడిచమురు ధర పడిపోయిన 2020లో జరిగింది చూడండి: మే నెలలో కేంద్రం లీటరు పెట్రోలుపై 10, డీజిల్‌పై 13 రూపాయల పన్ను పెంచింది. ధర పెరిగినప్పుడు మార్కెట్ లెక్క, తగ్గినప్పుడు ఖజానా లెక్క!

అన్నిటికన్నా నాకు తృప్తినిచ్చిన పని గ్యాస్ చేబదులు నిధి. మన ఇళ్లలో పనిచేసే ఒకావిడ, సిలిండర్ గుమ్మం ముందుకు వచ్చాక మొత్తం డబ్బు చేతిలో లేక వెనక్కి పంపేశారు. పేద ఇళ్ల మహిళలకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే ఉజ్వల పథకంలో సిలిండర్ రాయితీని 2023 అక్టోబరులో 300 రూపాయలకు పెంచారు, నిజమే. అయితే అది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు పూర్తి ధర కట్టాలి. అందుకే సిలిండర్ డబ్బును నిధి నుంచి వడ్డీ లేకుండా ఇచ్చి, వాయిదాల్లో తీసుకుంటున్నాం. ఇంతవరకు ఎవరూ ఎగవేయలేదు. రుసుము బకాయిపడిన సభ్యులు ఇది గమనించగలరు.

బడి పిల్లలకు ఉమ్మడి ఆటో ఏర్పాటు మాత్రం సమయాలు కుదరక ఆగిపోయింది.

ఇకపై జనరేటర్ లిఫ్టుకు, నీటి మోటారుకు, మెట్ల దీపాలకే నడుస్తుంది. డీజిల్ బిల్లులు కోశాధికారి వద్ద ఉన్నాయి. ఏ ఆదివారమైనా వచ్చి చూసుకోవచ్చు.

— కార్యదర్శి