వుకోవిచ్‌ను చంపింది వేగం కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో 1950ల నాటి అమెరికన్ కార్ల రేసు డ్రైవర్ బిల్ వుకోవిచ్ మీద వేసిన వ్యాసం చదివి రెండు వారాలు దాటింది. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. వేయలేదు సరికదా, మొన్న రోడ్డు భద్రత సంపాదకీయంలో కూడా ఆ మనిషినే మళ్ళీ ఉదాహరణగా తెచ్చారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆయన్ని రష్యన్ అని రాశారు. అప్పటి అమెరికా పత్రికలు తగిలించిన ‘మ్యాడ్ రష్యన్’ అనే మారుపేరు చూసి ఎవరో పుట్టుపూర్వోత్తరాలు తేల్చేసినట్టున్నారు. ఆయన సెర్బు కుటుంబంలో పుట్టాడు. 1918లో కాలిఫోర్నియాలోని అలమెడాలో పుట్టి, ఫ్రెస్నోలో పెరిగాడు. పోనీయండి, ఇది చిన్న విషయం. అసలు బాధ వేరు. వేగం పిచ్చితో ప్రాణం పోగొట్టుకున్నాడని తీర్పు చెప్పి, దాన్ని పట్టుకుని మన కుర్రాళ్ళకు నీతిబోధ చేశారు చూడండి, అదీ.

1955 మే 30న అమెరికాలోని ఇండియానాపోలిస్ ట్రాక్ మీద, ఏటా జరిగే 500 మైళ్ళ రేసులో ఏం జరిగిందో మీ విలేకరి తెలుసుకున్నాడా? వుకోవిచ్ 57వ ల్యాప్‌లో, అంటే ట్రాక్ చుట్టూ 57వ చుట్టులో, అందరికంటే ముందున్నాడు. ఎదర వెనకబడిన కార్లు పోతున్నాయి. వాటిలో రోడ్జర్ వార్డ్ కారు యాక్సిల్ విరిగి అదుపు తప్పింది. దాన్ని తప్పించుకోబోయి ఆల్ కెల్లర్ వెళ్ళి జానీ బాయిడ్ కారును కొట్టాడు. బాయిడ్ కారు సరిగ్గా వుకోవిచ్ దారిలోకి వచ్చి పడింది. దాన్ని తగిలి ఈయన కారు గాల్లోకి లేచి, గోడ దాటి, పల్టీలు కొట్టి తగలబడింది. ఆ గోడ కారును ఆపలేకపోయింది. కారు బోల్తాపడినా డ్రైవర్ తలను కాపాడే ఇనుప కమ్మీ, రోల్ బార్, లేదు. అది తప్పనిసరి కావడానికి 1958లో పాట్ ఓకానర్ అనే డ్రైవర్ కూడా పోవాల్సి వచ్చింది. ఇందులో వుకోవిచ్ పిచ్చి ఎక్కడుందో మీరే చెప్పాలి.

నేను మోటార్ మెకానిక్‌గా పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. నాకు ఆయన గెలిచిన రేసుల కంటే ఓడిన 1952 రేసు మీదే గౌరవం ఎక్కువ. మీ వ్యాసంలో దానికి ఒక్క వాక్యం దక్కింది. ఆ ఏడు ఫ్రాంక్ కర్టిస్ కొత్త రకం కారు తయారుచేశాడు. ఇంజన్‌ను, దాని శక్తిని చక్రాలకు అందించే డ్రైవ్ షాఫ్ట్‌ను ఎడమ పక్కకు జరిపి, డ్రైవర్ షాఫ్ట్ మీద కాకుండా పక్కన, కిందికి కూర్చునేలా కట్టాడు. ట్రాక్‌లో మలుపులన్నీ ఎడమకే కదా, బరువు అటు పడితే లాభం. ఆఫెన్‌హౌజర్ నాలుగు సిలిండర్ల ఇంజన్, దానికి ఇంధనాన్ని లోపలికి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్. ఆ కారుతో వుకోవిచ్ 150 ల్యాప్‌లు ముందుండి నడిపాడు. 200 ల్యాప్‌ల రేసులో 192వ ల్యాప్‌లో స్టీరింగ్‌ను చక్రాలతో కలిపే లింకేజీ తెగింది. స్టీరింగ్ చేతిలో పనిచేయని కారును ఆయన బయటి గోడకు ఆనించి, రాసుకుంటూ తీసుకెళ్ళి, వెనకవాళ్ళు ఎవరికీ అడ్డం పడకుండా ఆపాడు. రేసు ట్రాయ్ రట్‌మన్‌కు పోయింది. పిచ్చివాడు చేసే పనేనా అది?

మరుసటి ఏడు అదే కారు. 1953లో ఆ రోజు ఎండ ఎంత దారుణమంటే, కార్ల్ స్కార్బరో అనే డ్రైవర్ వేడికి తట్టుకోలేక చనిపోయాడు. చాలామంది మధ్యలో దిగి వేరేవాళ్ళకు కారు అప్పగించారు. వుకోవిచ్ మొత్తం 500 మైళ్ళూ తనే నడిపి, 200 ల్యాప్‌లలో 195 ముందుండి గెలిచాడు. 1954లో 19వ స్థానం నుంచి బయల్దేరి మళ్ళీ గెలిచాడు. ఇండియానాపోలిస్‌లో ఆయన నడిపిన ల్యాప్‌లు 676, అందులో ముందున్నవి 485. 1955లో ఆ ప్రమాదమే జరగకపోతే వరుసగా మూడోసారి గెలిచేవాడేమో. ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదది.

ఆ కారును చూసుకున్న మెకానిక్కులు జిమ్ ట్రావర్స్, ఫ్రాంక్ కూన్ పేర్లు మీ వ్యాసంలో లేనే లేవు. ఉంటాయని అనుకోవడం నా అత్యాశ. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగితే, గ్యాలరీలో ఏ హీరో పక్కన ఎవరు కూర్చున్నారో ఫొటోలతో సహా వేశారు. ఆ కార్లలో బ్యాటరీ ఎక్కడుంటుందో ఒక్క ముక్క రాయలేదు. మరుసటి ఏడు రేసు రద్దయితే మాత్రం రాజకీయం పేజీలకు పేజీలు.

ఈ నిర్లక్ష్యం మీ ఒక్కరిదే అనను. మన దగ్గర ఏ ప్రమాదం జరిగినా ఎఫ్ఐఆర్‌లో రాసేది ఒకటే మాట: అతివేగం, అజాగ్రత్త. డివైడర్ మధ్య ఎవరో కొట్టుకున్న గండి ఉందా, రాత్రి లైటు వెలిగిందా, రోడ్డు పక్కన లైట్లు లేకుండా లారీ ఆపారా, వీటితో అధికారులకు పనిలేదు. చచ్చినవాడు ఎలాగూ వచ్చి సాక్ష్యం చెప్పడు. మంత్రిగారు దిగ్భ్రాంతి వ్యక్తం చేస్తారు, నష్టపరిహారం ప్రకటిస్తారు, ‘వేగం కన్నా ప్రాణం మిన్న’ అని ఇంకో బోర్డు లేస్తుంది. మా దగ్గర అలాంటి బోర్డు ఒకటి సరిగ్గా మలుపులో, ఎదురొచ్చే బండి కనపడకుండా పాతారు!

1955లో అమెరికావాళ్ళు మాత్రం ఉద్ధరించారా అంటే, అదీ లేదు. వుకోవిచ్ పోయిన పన్నెండు రోజులకే ఫ్రాన్స్‌లో లె మాన్స్ ప్రమాదంలో 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే రేసులు నడిపే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ తమకెందుకీ గొడవ అని చేతులు దులుపుకుంది. అయినా తర్వాత వచ్చిన సంస్థ నిదానంగానైనా కార్లు మార్చింది, నియమాలు మార్చింది. రేసులు చూసేవాళ్ళకు నీతులు చెప్పి సరిపెట్టలేదు.

సవరణ వేస్తే, దయచేసి వ్యాసం వచ్చిన అనుబంధంలోనే వేయండి, వర్గీకృత ప్రకటనల కింద చీమతలకాయంత అక్షరాల్లో కాదు. ట్రావర్స్, కూన్ పేర్లు అక్షరదోషాలు లేకుండా రాస్తే సంతోషం.

– ఒక పాఠకుడు, గుంటూరు